ఇల్లే బడి అన్నోళ్లకు మన పెద్దపిల్ల అడిగే లెక్క

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకోవచ్చని పట్నాల్లో ఒక మాట నడుస్తోంది. దానికి హోమ్ స్కూలింగ్ అని పేరు. తండ్రికి మంచి జీతం, తల్లికి డిగ్రీ, గోడ పొడుగునా పుస్తకాలు, నెట్టు, కంప్యూటరు. ముగ్గురు పిల్లలు, మూడు వయసులు. ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఎవరి పాఠం వాళ్లకు చెప్పుకుంటారు. వయసు వచ్చాక ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయిస్తారు. అది వాళ్ల ఇష్టం. దానితో మాకు పేచీ లేదు.

మా పేచీ ఆ మాట వాడలోకి దిగినప్పుడు మొదలవుతుంది. "బడి దూరమైతే ఏమి, ఇంట్లో చెప్పుకోండి. పెద్దది చదివింది కదా, చిన్నోళ్లకు చెప్తుందిలే" అనే సలహా వినపడినప్పుడు మొదలవుతుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల మాల మాదిగ వాడల్లో నాలుగు వయసుల పిల్లలు ఇంట్లో ఉండిపోవడం ఇవాళ్టి సంగతి కాదు. దాన్ని ఎవరూ హోమ్ స్కూలింగ్ అనలేదు. డ్రాపవుట్ అన్నారు. ఉన్నోడి బిడ్డ ఇంట్లో ఉంటే అది ప్రయోగం. మన బిడ్డ ఇంట్లో ఉంటే తల్లిదండ్రుల నిర్లక్ష్యం. ఒకే పనికి రెండు పేర్లు పెట్టడం ఈ దేశంలో కులానికి పాత అలవాటు.

మేము చెప్పేది ఒక్కటే. మన ఇంట్లో బడి పెట్టమంటే, ఆ బడికి టీచరు మన పెద్దపిల్లే అవుతుంది. చిన్నోళ్లకు బడి దొరుకుతుందో లేదో గాని, ఆమె బడి మాత్రం పోతుంది. అందుకే ఇంటి చదువు బడికి తోడుగా ఉంటే నెత్తిన పెట్టుకుంటాం. బడికి మారుగా వస్తే ఒప్పుకోం.

ఆ బడిలో టీచరు ఎవరు?

ఒక ఇల్లు అనుకోండి. శిరివెళ్ల కావచ్చు, రుద్రవరం కావచ్చు, ఉయ్యాలవాడ, గోస్పాడు ఏదైనా కావచ్చు. అమ్మా నాయినా ఇద్దరూ కూలికి పోయేవాళ్లే. కేసీ కెనాల్ కింద నాట్లు పడితే నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు, మిరప కోతకు. తెల్లారకముందే సద్ది కట్టుకుని ఆటో ఎక్కాలి. ఇంట్లో పదమూడేళ్ల ఆడపిల్ల, పదేళ్ల పిల్లోడు, ఏడేళ్ల పిల్ల, రెండేళ్ల చంటోడు.

అంగన్‌వాడీ పొద్దెక్కితే గాని తెరవరు. అంతవరకు చంటోన్ని ఎవరు ఎత్తుకోవాలి? పెద్దపిల్ల. ఏడేళ్లదానికి జడ వేసి బడికి ఎవరు పంపాలి? పెద్దపిల్ల. నీళ్లు, అంట్లు, అన్నం? పెద్దపిల్ల. "ఏం పాపా, బడికి రాలేదే?" అని సారు అడిగితే "చిన్నోన్ని ఎవరు చూస్తారు సార్?" అంటుంది. దానికి సారు దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ జవాబు ఇవ్వాల్సింది సారు కాదు, సర్కారు.

మొదట వారానికి రెండు రోజులు మానుతుంది. పాఠం తెగుతుంది. మళ్లీ పోతే అర్థం కాదు. అర్థం కాక కూర్చుంటే మొద్దు అంటారు. ఆ మాట పడలేక మానేస్తుంది. మానేసిన పిల్ల ఇంట్లో ఊరికే ఉండదు, పొలానికి పోతుంది. ఈ దారి మనకు తెలియనిది కాదు.

ఈ నేల పత్తికి పేరుపడ్డ నేల. సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని ఎట్లుంటదో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. ఆడ మొక్క మొగ్గను సాయంత్రం విప్పి, లోపలున్న పుప్పొడి కాడల్ని గోటితో గిల్లేయాలి. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే చేయాలి. ఇది నెలల తరబడి సాగే పని. బడి తెరిచి పుస్తకాలు చేతికొచ్చిన కొన్నాళ్లకే ఈ పని మొదలవుతుంది. ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ చేలల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పని చేస్తున్నారని, అందులో ఆడపిల్లలే ఎక్కువని, వాళ్లలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలే ఎక్కువని 1990ల చివరి నుంచీ అధ్యయనాలు చెప్తూనే వచ్చాయి. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వు దెబ్బతినదు అని చెప్పేవాళ్లు. సన్నటి వేళ్లు రైతు ఇంట్లోనూ, కంపెనీ ఆఫీసరు ఇంట్లోనూ ఉంటాయి. ఆ వేళ్లు ఎందుకు రాలేదు చేనికి? పిల్ల కూలి చవక, ఎదురు మాట్లాడదు, నాయిన ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. సంగతి వేళ్లలో లేదు, రేటులో ఉంది.

కాబట్టి "పిల్ల ఇంట్లో ఉంది" అనే మాటను నమ్మొద్దు. వాడలో ఇంట్లో ఉన్న పిల్ల అంటే పనిలో ఉన్న పిల్ల. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఈ మాటనే గట్టిగా చెప్పారు. బడిలో లేని ప్రతి పిల్లా పని పిల్లే అన్నారు. వయసు మీరిన పిల్లల్ని క్యాంపుల్లో పెట్టి, కొన్ని నెలలు చదివించి, వాళ్ల వయసు తరగతిలోనే కూర్చోబెట్టారు. పేదోళ్లు పిల్లల్ని చదివించరు అనే అబద్ధాన్ని ఊరూరా పగలగొట్టారు.

ఇది కొత్త సలహా కాదు

ఇల్లే బడి అనే సలహా మనకు తరం తరానికీ వస్తూనే ఉంది. ప్రతిసారీ పేరే మారింది.

1953 జూన్ గుర్తు చేసుకుందాం. అప్పటికి మన నంద్యాల, ఆళ్లగడ్డ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడు అక్టోబరు 1న. మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి పల్లెటూరి ప్రాథమిక బడులకు కొత్త పథకం తెచ్చాడు. పిల్లలు బడిలో మూడు గంటలే ఉండాలి. మిగతా పూట ఇంటికిపోయి తండ్రి చేసే పని నేర్చుకోవాలి, ఆడపిల్లలు తల్లి చేసే ఇంటి పని నేర్చుకోవాలి. టీచర్లు చాలరు, డబ్బు చాలదు, పిల్లలేమో అందరూ చదవాలి, కాబట్టి ఇది ఉపాయం అన్నాడు. ఈ ఉపాయం పట్నాల బడులకు మాత్రం లేదు.

తండ్రి పని అంటే ఏమిటి? పూజారి కొడుకు ఇంటికిపోతే మంత్రం నేర్చుకుంటాడు. షావుకారు కొడుకు పద్దు నేర్చుకుంటాడు. మన పిల్లోడు ఇంటికిపోతే? చచ్చిన గొడ్డు తోలు తీయడం, వెట్టి చేయడం, డప్పు కొట్టి చావు కబురు చెప్పడం నేర్చుకోవాలి. అందుకే తమిళ దేశంలో పెరియార్, ద్రావిడ ఉద్యమం దానికి కులవిద్య పథకం అని అసలు పేరు పెట్టి వీధుల్లో నిలదీశారు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశాడు. ఇంటి చదువు మీద కిందికులాలు గెలిచిన పెద్ద పోరాటం అది. మన పిల్లలకు అది పాఠంగా రాదు. మనమే చెప్పుకోవాలి.

తర్వాత అనియత విద్య వచ్చింది. 1979 నుంచి మొదలుపెట్టి, 1986 జాతీయ విద్యా విధానంతో పెద్దది చేశారు. పగలు పని చేసే పిల్లలకు సాయంత్రం రెండు గంటల కేంద్రం. జీతం కాదు, చిన్న గౌరవ వేతనం ఇచ్చే ఒక బోధకుడు, ఒక లాంతరు. పగలు ఎందుకు పని చేస్తున్నారని అడగకుండా, పనికి అడ్డం రాకుండా చదువు చెప్పే ఏర్పాటు అది. దానితో పగటి బడి ఊరి పిల్లలకు, రాత్రి బడి వాడ పిల్లలకు అయింది. రెండు గ్లాసుల హోటలు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే.

తర్వాత చట్టంలో సందు పెట్టారు. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదన్నారు. సంతోషం. కానీ ఆ పక్కనే, బడి అయిపోయాక, సెలవుల్లో, సొంత కుటుంబానికీ కుటుంబ వృత్తికీ సాయం చేయొచ్చు అని రాశారు. సీడు పత్తి చేను కౌలుకు తీసుకున్నోడి పిల్ల కుటుంబానికి సాయం చేస్తున్నట్టా, కంపెనీకి విత్తనం చేస్తున్నట్టా? తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు "మా ఇంటి పనే సార్" అని చెప్పడం ఎంతసేపు?

2020 మార్చిలో కరోనా వచ్చి బడులన్నీ మూసేశారు. ఒక్క దెబ్బకు దేశమంతా ఇల్లే బడి అయింది. సప్తగిరి టీవీలో పాఠాలు వేశారు. సెల్‌ఫోన్లో పాఠం అన్నారు. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోను ఉంటే, అది నాయిన జేబులో పనికి పోతే, పాఠం ఎవరి చెవిన పడాలి? అప్పుడు రెండో తరగతిలో ఉండి అక్షరాలు మరిచిపోయిన పిల్లలు ఇవాళ హైస్కూల్లో చదవలేక తల దించుకుంటున్నారు. ఇంటి చదువు మన ఇళ్లలో ఏం చేస్తుందో చూపడానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతులు

ఇల్లు సంగతి అట్లుంచండి. వాడ పక్క బడి సంగతి చూద్దాం. చాలాచోట్ల అదీ పెద్ద సైజు ఇంటి చదువే. ఒక గది, ఒక టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. రోజులో చదువు చెప్పే వేళ ఐదు గంటలు అనుకుందాం. ఒక్కో తరగతికి ఒక గంట వస్తుంది. మిగతా నాలుగు గంటలు ఆ తరగతి పిల్లలు ఏం చేయాలి? ఎక్కం రాయాలి, చెరిపి మళ్లీ రాయాలి. టీచరు మీటింగుకు పోయినా, సెలవు పెట్టినా ఆ గంట కూడా లేదు. అప్పుడు ఐదో తరగతి పిల్ల బెత్తం పట్టుకుని ఒకటో తరగతిని చూస్తుంది. ఇంట్లో చేసిన పనే బడిలోనూ చేస్తుంది.

2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడిలో అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్లో రాసి ఉంది. పది మందే ఉన్నారు కదా, ఒకరు చాలు అనే మాట అందులో లేదు. మన రాష్ట్రంలో 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టారు. వాడ బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. అక్కా చెల్లెలు చేయి పట్టుకుని పోయే బడి రెండు ముక్కలైంది. అక్క ఒక దిక్కు, చెల్లెలు ఒక దిక్కు. రోడ్డు దాటాలి, కాలవ దాటాలి. తల్లి భయపడి ఒకదాన్ని ఆపేస్తే, ఆపేది ఎవరినో మీకు తెలుసు. 2025లో ఆ జీవోను తీసేసి బడులను తొమ్మిది రకాలు చేశారు. పేరు ఏదైనా, రకం ఏదైనా, మన ప్రశ్న మారదు. మా వాడ పిల్లలకు ఎందరు టీచర్లు?

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. 2020 జనవరిలో అమ్మఒడి మొదలుపెట్టినప్పుడు 15,000 తల్లికి ఇచ్చారు, ఎంతమంది పిల్లలున్నా ఒక్కరికే లెక్క. ఒక పిల్ల హాజరు ఉంటే చాలు. మిగతా ముగ్గురి హాజరు ఎవరికి పట్టింది? 2025 జూన్‌లో తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకూ 13,000 చొప్పున వేశారు. పిల్లల్ని ఒక్కొక్కరుగా లెక్కపెట్టడం మంచిదే. కానీ అది బడిలో పేరున్న పిల్లల లెక్క. పేరు కొట్టేసిన పెద్దపిల్ల ఆ లెక్కలో లేదు. డబ్బు పిల్లను బడి గడప దాకా తెస్తుంది. గడప లోపల టీచరు లేకపోతే ఆ డబ్బు ప్రైవేటు బడి ఫీజులో కలుస్తుంది.

"వేరు వేరు వయసుల పిల్లలకు ఒకేచోట చెప్పడం కుదరదా మరి?" అని అడుగుతారు. కుదురుతుంది. మన రాయలసీమలోనే చేసి చూపించారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లెల్లో పద్మనాభరావు, రమ అనే దంపతులు చిన్న బడులు నడిపారు. ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెన మాదిరి పటం పెట్టారు. ప్రతి పిల్లా తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, తన కార్డు తీసుకుని, ఒక కార్డు సొంతంగా, ఒకటి తోటి పిల్లలతో, ఒకటి టీచరు దగ్గర చేస్తుంది. పది రోజులు కూలికి పోయి వచ్చిన పిల్ల తను వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. మొద్దు అనిపించుకోదు. తర్వాత ఆ పద్ధతిని తమిళనాడు బడుల దాకా తీసుకుపోయారు.

ఇందులో మనం చూడాల్సింది ఒకటుంది. అది ఊరికే జరగలేదు. వందల కార్డులు తయారుచేశారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, చిన్న గుంపులు పెట్టారు, ఏళ్ల తరబడి పనిచేశారు. కలిపి చెప్పడం ఒక విద్య. టీచర్ల ఖర్చు మిగుల్చుకోవడానికి పిల్లల్ని ఒక గదిలో కుక్కి, దానికి ఆ విద్య పేరు పెడితే మాత్రం మోసం.

మనలో మనకున్న వాదం

ఇప్పుడు మన ఉద్యమంలోని కొందరు మిత్రులు అడిగే ప్రశ్నకు వద్దాం. అది తేలిగ్గా తీసేసేది కాదు. "ఆ బడికి ఎందుకు పంపాలి? అక్కడ మన పిల్లలతో కసువు ఊడ్పిస్తారు, కక్కసులు కడిగిస్తారు. అన్నం బంతిలో పక్కకు జరగమంటారు. పుస్తకంలో మన తాతల పేరు లేదు. వాళ్ల బడి వాళ్లకే వదిలేసి, మన వాడలో మన పిల్లలకు మనమే చెప్పుకుందాం. అంబేద్కర్, ఫూలేల చరిత్ర చెప్దాం" అంటారు.

ఆ కోపం మాదీ. ఆ అవమానాలు మాకూ తెలుసు. కానీ బడి వదిలితే అవమానం పోదు, బడి పోతుంది. గది వాళ్లకే ఉంటుంది, టీచరు జీతం వాళ్ల పిల్లలకే ఉంటుంది, మధ్యాహ్నం అన్నం, గుడ్డు వాళ్లకే ఉంటాయి. మన చేతిలో పలక మిగులుతుంది. పోరాడకుండా ఊరి బావి వదిలేసి వాగు నీళ్లు తాగినట్టు ఉంటుంది.

ఫూలేను తలుస్తాం కదా, ఆయన చేసింది చూద్దాం. సావిత్రీబాయికి అక్షరాలు ఇంట్లోనే నేర్పాడు. కానీ నేర్పి ఇంట్లో పెట్టుకోలేదు. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి తెరిచి ఆమెను టీచరుగా నిలబెట్టాడు. పేడ విసిరినా, రాళ్లు విసిరినా ఆమె బడికే నడిచిపోయింది. ఇంట్లో కూర్చుని చెప్పుకుంటే ఎవరూ రాయి వేసేవాళ్లు కాదు. వాళ్ల భయం అక్షరం బజారుకు వచ్చినందుకే.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ పట్టాళం బడిలో టీచరుగా చేసినవాడు. ఇంట్లో కొడుకుకు చదువు చెప్పగలిగినవాడే. బొంబాయి పరేల్లో ఒక్క గది ఇల్లు. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు కొడుకును లేపి, చదువుకోమని కూర్చోబెట్టి, ఆ చోట తను పడుకునేవాడు. అయినా బడి మాన్పించాడా? గోనెపట్టా వేరుగా వేసుకుని కూర్చోవాల్సి వచ్చిన బడికే పంపాడు, ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలుకూ పంపాడు. అవమానం పడిన ఆ బడి నుంచే రాజ్యాంగం రాసిన చెయ్యి వచ్చింది.

మన జిల్లా మనిషే దామోదరం సంజీవయ్య. 1921లో కర్నూలు దగ్గర పెద్దపాడు దళితవాడలో పుట్టాడు. కర్నూలు మునిసిపల్ స్కూలు, అనంతపురం కాలేజీ చదివి 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. వాడ మనిషికి రాజ్యం దోవ బడిలోంచే పోయింది.

కాబట్టి అవమానం జరిగిన చోటే నిలదీద్దాం. అన్నం బంతి వేరైతే కేసు పెడదాం. 2004లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసీలకు ముందు అవకాశం ఇవ్వమంది. మన అక్క వంట చేసే చోట మన బిడ్డను పక్కకు జరగమనడం అంత సులువు కాదు. మన చరిత్ర చెప్పాలంటే సాయంత్రం వాడలో చెప్దాం. పగలు మాత్రం బడి మనదే.

సాయంత్రం గంటసేపు

అందరు పిల్లల్నీ కలిపి సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టడం మంచి పని. అంబేద్కర్ సంఘం గదిలోనో, చర్చి వరండాలోనో, కమ్యూనిటీ హాల్లోనో మొదలుపెట్టొచ్చు. ఈ విషయంలో కార్యకర్తలకు మా మాటలు కొన్ని.

మొదటిది, పెద్దపిల్లను టీచరు చేయొద్దు. ఆమె హోంవర్కు అయ్యాకే, ఆమెకు ఇష్టమైతేనే, చిన్నోళ్లతో కాసేపు కూర్చుంటుంది. చెప్పే పని పది పాసైన, ఇంటరు, డిగ్రీ చదివిన వాడ యువకులది. చదువుకున్నోళ్లు వాడకు తీర్చాల్సిన బాకీ అది. మగపిల్లలు చీపురు పట్టాలి, చంటోన్ని ఎత్తుకోవాలి. అక్కకు గంట మిగలాలంటే తమ్ముడు చెయ్యి కదలాలి.

రెండోది, అందరికీ ఒకే మాట, ఎవరి పని వాళ్లకు. ఆ రోజు కూలి లెక్క తీసుకోండి. రోజుకు 300 చొప్పున అమ్మ ఆరు రోజులు పోయింది అనుకుందాం. నాలుగేళ్లది ఆరు చింతగింజలు లెక్కపెడుతుంది. ఏడేళ్లది ఆరు మూళ్లు ఎంతో చెప్తుంది. పదేళ్లోడు 1,800 అని పలక మీద గుణిస్తాడు. పెద్దపిల్ల మేస్త్రీ ఇచ్చింది 1,650 అయితే తగ్గింది ఎంత, ఎందుకు తగ్గిందని కాగితం రాస్తుంది. ఒకే లెక్క, నాలుగు వయసులు. లెక్కతో పాటు హక్కు కూడా వస్తుంది.

మూడోది, వాడలోని ప్రతి పిల్ల పేరు, వయసు, తరగతి, ఎన్ని రోజులు బడికి పోలేదు, ఎందుకు పోలేదు అని ఒక నోటుబుక్కులో రాయండి. చంటోని కోసం ఆగిందా, సీడు చేనికి పోయిందా, సారు రాలేదా? నెల తర్వాత ఆ నోటుబుక్కే మన ఆయుధం. మాటకు జవాబు చెప్పి పంపించేస్తారు. లెక్కకు జవాబు రాయాల్సి వస్తుంది.

ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్లలో, అంటే 1960 కల్లా, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి ప్రయత్నిస్తామంది. అది జరగలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో రాజ్యాంగం సవరించి 21-ఏ చేర్చారు, 2009లో చట్టం చేశారు. అడుక్కోవడానికి మనం పోవడం లేదు. బాకీ వసూలుకు పోతున్నాం.

ఒకటి. వాడ పిల్లలు పోయే ప్రతి ప్రాథమిక బడికీ, పిల్లలు ఎంత తక్కువున్నా, ఇద్దరు టీచర్లు.

రెండు. అంగన్‌వాడీ కూలి వేళకు తెరవాలి. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. ఎన్ని చోట్ల పెట్టారు? ఇక మీద ఏ పథకం కింద పని పెట్టినా ఆ మనిషి ఉండాల్సిందే. చంటోన్ని చూసే మనిషి దొరికితేనే పెద్దపిల్లకు బడి దొరుకుతుంది.

మూడు. మానేసిన పిల్లను విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆమె వయసు తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పన్నెండేళ్లదాన్ని రెండో తరగతిలో కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయొద్దు. ఇంటి నుంచి బడికి పోలేని పిల్లకు కస్తూర్బా విద్యాలయంలోనో గురుకులంలోనో సీటు ఇవ్వాలి. వయసు దాటిపోయిన అక్కలకు ఓపెన్ స్కూలు పదో తరగతి దారి చూపాలి.

నాలుగు. బడి వేళలో సీడు చేనులో పిల్ల కనపడితే తల్లిని తిట్టడం కాదు, విత్తనం చేయిస్తున్నోడి మీద కేసు పెట్టాలి.

బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, అందులో సగం ఆడవాళ్లు, మన లాంటి వర్గాలకు తగ్గ వాటా ఉండాలని 21వ సెక్షన్ చెప్తోంది. పెత్తందారు రాసిచ్చిన పేర్లకు వేలిముద్ర వేయొద్దు. మన తల్లుల్ని నిలబెట్టండి. 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. నోటుబుక్కు నకలు జతచేసి మండల విద్యాధికారికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆళ్లగడ్డలో వినకపోతే నంద్యాల కలెక్టరాఫీసు దూరం కాదు. 2022 నుంచి జిల్లా కేంద్రం మన దగ్గరికే వచ్చింది. ఒక్కరు పోతే గేటు దగ్గర ఆపుతారు. నాలుగు వాడలు కలిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి.

ఇల్లే బడి అన్నోళ్లకు ఆఖరుగా ఒక మాట. మీ ఇంట్లో బల్ల ఉంది, పుస్తకం ఉంది, చెప్పే తల్లి ఉంది. మీరు బడి వదిలినా మీకు చదువు ఉంటుంది. మా ఇంట్లో పని ఉంది, పొయ్యి ఉంది, చంటోడు ఉన్నాడు. మేము బడి వదిలితే మాకు మళ్లీ వెట్టే మిగులుతుంది. మా తాతలకు అక్షరం వినకూడదన్న దేశంలో మేము బడి గడప ఎక్కింది నిన్న మొన్న. దిగేది లేదు.

పెద్దపిల్ల చేతిలోంచి చంటోన్ని మనం అందుకుందాం. ఆమె చేతికి పలక ఇద్దాం. చదువు, సమీకరించు, పోరాడు. జై భీమ్.